మూడు మిల్లీమీటర్ల మట్టి

ట్రోండ్‌హైమ్‌ల మొదటి ప్రాక్టికల్.
గాజు పలక మీద తడిమట్టి పెట్టి
దారంలెక్క పేనమన్నది ప్రొఫెసర్ రాగ్నిల్.
మూడు మిల్లీమీటర్ల సన్నానికి రాంగనే తునగాలె.
ముందే తునిగితే ఎండిపోయినట్టు,
తునగకుంటే ఇంకా తడి ఉన్నట్టు.

ఘనా పిలగాడు స్కేలు పట్టుకున్నడు.
నేపాల్ పిల్ల మూడుసార్లు చెడగొట్టి నవ్వింది.
నేను స్కేలు దిక్కు చూడలే.
నా వేళ్లకు ముందే తెలుసు ఆ ఆట.

"ఎక్కడ నేర్చుకున్నవ్?" అని అడిగింది.
"ఇంట్ల" అన్న.
ఆ ఒక్క మాట ఇంగ్లీషుల ఎంత చిన్నగ ఉంటదో
ఆ పొద్దే తెలిసింది.

ఇంట్ల అంటే ఇల్లు కాదు మేడమ్.
మేస్త్రి అడ్వాన్సిచ్చి లారీ ఎక్కించిన పదకొండు మంది,
ఏ రాష్ట్రమో తెల్వని ఆనకట్ట కింద టార్పాలిన్ గుడిసె,
పలక లేక మట్టిల అంకెలు దిద్దుకునే ఏడేండ్ల నేను,
మా కోస్గి ఉశేనమ్మ, నాయన తల్లి,
తట్ట దించి, చిటికెడు మట్టి ఉమ్మితో తడిపి,
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ తిప్పి
"ఇది కట్టకు నిలువది, వేరే గుంత తవ్వుండ్రి" అనుడు.
మేస్త్రి నవ్వుడు.
ఆమె మళ్ల తట్ట ఎత్తుకొనుడు.

రెండేండ్లు చదివిన ఆ చలిల.
అక్కడ ఒక మట్టి ఉంది:
తొక్కితే రాయి, కదిలిస్తే అంబలి.
ఉప్పు కడుక్కపోయి పట్టు విడిచిన మట్టి.
ఇండ్లకు ఇండ్లు దాని మీద నిద్రపోతయి.
దాని మీద నూటపది పేజీలు రాసిన.
పగలు మూడింటికే చీకటి పడ్డ పొద్దుల్ల
నాల నుంచి ఎంత ఉప్పు పోయిందో అని
నాలిక మీద వేలు పెట్టి చూసుకునేదాన్ని.

ఇప్పుడు నా నౌకరి
నారాయణపేట దిక్కు ఒక రిజర్వాయరు కట్ట.
క్వాలిటీ కంట్రోల్. తెల్ల హెల్మెట్.
నన్ను చూస్తే ఏఈ సారు లేచి కుర్చీ ఇస్తడు.
ఆ కుర్చీ నాకా, నార్వేకా, ఇంకా తేలలే.
పాలమూరుల ఇంజనీరింగు చదివేటప్పుడు
ఇదే ఆఫీసు వరండాల నాలుగు గంటలు నిలబడ్డ,
ఒక్క సంతకం కోసం.

పోయిన మంగళారం
నాలుగో రీచ్‌ల మట్టి తీయించిన.
ఎన్ని నీళ్లు చల్లినా దారం కాలే.
రేగట్ల గరుసు కలిపిండ్రు.
కాంట్రాక్టరు బామ్మర్ది అన్నడు:
"ఫారిన్ల చదివినోళ్లకు మన మట్టేం తెలుస్తది మేడమ్."

ఆడనే తట్ట మోస్తున్న మణెమ్మ,
అరవై ఉంటయేమో, ముక్కుపుల్ల నిండ దుమ్ము,
నా చేతిల ముద్ద గుంజుకొని
వేళ్ల నడుమ తిప్పింది.
ఏమీ అనలే. ఉమ్మింది.

యూనివర్సిటీ నాకు కొత్తగ నేర్పిందేమీ లేదనిపించింది.
అబద్ధం. చానా నేర్పింది.
కట్ట కడుపుల నీళ్లు ఎట్ల నడుస్తయో,
ఎన్నేండ్లకు ఒక బొట్టు దారి చేసుకుంటదో
లెక్కగట్టుడు నేర్పింది.
ఆ లెక్క మా ఉశేనమ్మకు తెల్వదు.
కని మణెమ్మ ఉమ్మితే అది ఉమ్మే.
నేను రాస్తే రిపోర్టు.
నడుమ ఒక సముద్రం, ఒక స్కాలర్‌షిప్,
వంకరగ పడ్డ ఒక నీలి ముద్ర.

రీచ్ నాలుగు, తిరస్కరణ, అని రాసిన.
"పరీక్షించినవారు" అన్న గడిల నా పేరు.
కింద జాగ ఉంటే
మణెమ్మ పేరు గూడ రాసిన, ఇంటిపేరు అడిగి.

మట్టి మార్చిండ్రు. అది నిజం.
పేరు కొట్టేసి పంపిండు ఈఈ సారు,
పక్కన సన్నగ "అర్హత లేదు" అని.

రాగ్నిల్ మేడమ్‌కు మెయిల్ రాయాలె,
ఆ పొద్దు నేను చెప్పిన జవాబు సగమే అని.
రాయలే.
గోళ్లల్ల మట్టి ఉంది.
రేపు అయిదో రీచు.